వంటావార్పు దగ్గర దొరికిన లెక్కల సార్

ఇవాళ లెక్కల సప్లిమెంటరీ. ఇదీ తప్పితే డిటెయినే అని కాలేజీలో చెప్పేశారు. గార్ల నుంచి వస్తున్న మా ఆటో మహబూబాబాద్ దగ్గర ఆగిపోయింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, తెలంగాణ కోసం వంటావార్పు చేస్తున్నారు. ఏడాది పోయిందనుకుని ఆటో దిగి ముందుకు పరిగెత్తాను. చూస్తే, అన్నం వడ్డిస్తున్నది మా లెక్కల సారే!

“సార్, పరీక్ష?”

“వచ్చే వారానికి వాయిదా పడ్డదిరా. పరేషాన్ గాకు, కూసొని తిను.”

ప్రాణం లేచొచ్చింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, సార్ పప్పు పోస్తూ వంగారు.

“రేపటిసంది పొద్దుగాల మా ఇంటికి రా. నేను చెప్త.”

మూడో ముద్ద దిగలేదు. ఫెయిలైన ప్రతిసారీ ఇంట్లో, క్లాసులే జరగలేదని నెపం బంద్‌ల మీద తోసేసేవాణ్ని. బంద్ చేసే సారే పాఠం చెబుతానంటే, ఈసారి దేని మీద తోయాలో కాస్త చెప్పండి.