లావు తీగల కోటేశ్వరి

పాట మోగితే అందరికీ వినపడేది ఒకటైతే, కోటేశ్వరికి వినపడేది వేరొకటి. ఇంట్లో వాళ్లంతా గాయకుడి గొంతు వెంట పోయేవాళ్లు. ఆ పిల్ల మాత్రం పాట అడుగున ఎక్కడో గుమ్ గుమ్మని నడిచే చప్పుడు వెంట పోయేది. పెళ్లి ఊరేగింపుల్లో స్పీకరు పెట్టెల దగ్గర జనం చెవులు మూసుకుని పక్కకి తప్పుకుంటే, తను వెళ్లి పెట్టెకి వీపు ఆనించి నుంచునేది. "చెవుడొస్తుందే, ఇటు రా!" అని తల్లి నాంచారమ్మ రెక్క పుచ్చుకుని లాగేది. అది చెవితో వినేది కాదనీ, రొమ్ములో ఎవరో తలుపు తట్టినట్టుంటుందనీ చెప్పడానికి ఆ వయసులో మాటలు చాలలేదు.

మంగళగిరిలో వాళ్లది మగ్గం ఇల్లు. తండ్రి బాపయ్య గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. అంచులో పువ్వులూ గోపురాలూ తేలాలంటే ముందు గళ్ల కాగితం మీద బొమ్మ వెయ్యాలి. ఏ గడి నిండి ఉందో, ఏ గడి ఖాళీగా ఉందో చూసుకుంటూ అట్టలకి చిల్లులు పొడవాలి. ఆ అట్టల్ని దండగా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, అవి తిరుగుతున్నకొద్దీ వాటి ప్రకారం పడుగు దారాలు లేస్తాయి. చిల్లులు పొడిచే పని కోటేశ్వరిది. ఖాళీ గడిని కూడా గడిగానే లెక్కపెట్టాలన్నది ఆ పనిలో మొదటి పాఠం.

పనిలేని సాయంత్రాల్లో గుంటూరు బస్సెక్కి బ్రాడీపేట వెళ్లేది. అక్కడ ఒక మేడగదిలో ప్రేమ్‌చంద్ గారి ఆర్కెస్ట్రా రిహార్సళ్లు జరిగేవి. పెళ్లిళ్లకీ పందిళ్లకీ పాటలు పాడే బృందం అది. అందులో కోటేశ్వరి కోరస్సు. మధ్యలో "ఆ ఆ" అనడమూ, చప్పట్లు కొట్టడమూ. అయినా చేరిన మూడేళ్లలో ఒక్క కార్యక్రమం తప్పలేదు. ఆ గుమ్ గుమ్ చప్పుడు తీసే బేస్ గిటారు వాయించే అతని పక్కనే నుంచోవచ్చు కదా!

ఆ బేస్ అతనికి స్పిన్నింగ్ మిల్లులో ఉద్యోగం వచ్చి బృందం వదిలేశాడు. గిటారు మూలనపడింది. కోటేశ్వరి మూడు నాలుగు సార్లు దానిమీద దుమ్ము తుడిచి, ధైర్యం చేసి ప్రేమ్‌చంద్ దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, బేస్ నేను వాయిస్తానండీ."

"నువ్వా? అది నీకంటే బరువుంటదమ్మాయ్."

"మోస్తానండీ."

"మొయ్యడానికైతే కూలీ చాలు. అసలు బేస్ ఎందుకిప్పుడు? కొత్త కీబోర్డులో ఎడమచేత్తో నొక్కితే అదే వచ్చిద్ది. ఈ దుంగ ఎవరికన్నా ఇచ్చేద్దామని చూస్తన్నా."

డ్రమ్ముల వెనక నుంచి పీరు తల ఎత్తాడు. అతనికి ఎవరి మాటకైనా అడ్డం రావడం సరదా. "మరి ఆ టీవీ పాట సంగతేంటి సార్? ఒంగోలు వాళ్లు అదడక్కుండా మనల్ని దిగనిస్తారా?"

ఆ ఏడాది ఊళ్లని ఊపేస్తున్న పాట అది. సినిమాలోది కాదు, విడిగా ఆల్బమ్‌గా వచ్చిన హిందీ పాప్ పాట. దాని మొదలే బేస్. ఇంకే వాయిద్యమూ లేకుండా లావు తీగల మీద ఒంటరిగా మొదలై, ఆ తర్వాతే మిగతావన్నీ వచ్చి చేరతాయి. కీబోర్డు మీద నొక్కి చూస్తే దోమ మూలిగినట్టుంది. ప్రేమ్‌చంద్ మెడ గోక్కున్నాడు.

"సరే. శ్రీరామనవమికి ఒంగోల్లో పందిరి ప్రోగ్రాం ఉంది. అక్కడ ఆ ఒక్క పాటా పడిపోకుండా వాయించు. గిటారు బృందంలోనే ఉంటది, నువ్వు దానిమీదుంటావు. పడిపోయావో, మళ్లీ ఈ ఊసెత్తకుండా కోరస్సులోకి పోవాలి. ఏం?"

"అట్టాగేనండీ!" అంది, ఆయన మాట మార్చుకుంటాడేమోనని గిటారు అప్పుడే భుజాన వేసుకుంటూ.

నేర్పేవాళ్లు లేరు. దారి పీరు చూపించాడు. ఇద్దరూ కలిసి బ్రాడీపేట నాలుగో లైన్లో ఉన్న ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లారు. పాట పేరు కొట్టి, పక్కన 'ట్యాబ్' అని కొట్టమన్నాడు పీరు. తెర మీద నాలుగు గీతలు, ఆ గీతల మీద అక్కడక్కడ అంకెలు, మధ్యలో ఖాళీ. అలాంటి నాలుగు గీతల వరసలు ఒకదాని కింద ఒకటి పేజీ నిండా ఉన్నాయి.

"నాలుగు గీతలూ నాలుగు తీగలు. అన్నిటికన్నా కిందది లావు తీగ. అంకె ఉన్నచోట, ఎన్నో మెట్టు మీద వేలు పెట్టాలో అది," అన్నాడు పీరు. "మా చుట్టాలబ్బాయి చెప్పాడు. నాకింతకన్నా తెలీదు."

కోటేశ్వరి కుర్చీలోంచి లేచి నుంచుంది. "ఓరి నీ... పీరూ, ఇది మా గళ్ల కాగితమే!"

"చీరా?"

"చీరే! గీత దారం, అంకె చిల్లు. ఖాళీ అంటే ఆగడం. సంగీతం రాకపోతే ఏంటి, ఇది నాకు వచ్చు!"

ప్రింటు తీసిన కాగితాన్ని బస్సులో మడవకుండా రెండు చేతుల్లో పట్టుకుని తెచ్చుకుంది, వేడి పెసరట్టు తెచ్చినట్టు.

ఇంటి దగ్గర ఇంకో చిక్కు. కరెంటు స్పీకరు పెట్టె లేకుండా బేస్ గిటారు మీటితే చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. ఒక పూట విసిగి, గిటారు తలకాయని మగ్గం దూలానికి ఆనించి కూర్చుంది. ఊరికే మీటింది. దూలం గుమ్మంది! మళ్లీ మీటింది. మగ్గం మొత్తం, నిలువు కొయ్యలతో సహా, గొంతు సవరించుకుంది.

గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న బాపయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏందే అది? కాళ్లలోకి జరజరా వస్తంది!"

"బాగుందా నాన్నా?"

"బాగుందో లేదో తర్వాత. పోగులు తెగకుండా వాయించు."

నాంచారమ్మకి మాత్రం నచ్చలేదు. "ఆడపిల్ల పాట పాడితే చూడ్డానికి ముచ్చట. ఆ రోకలి పట్టుకుని ఊగితే ఎవరు చూస్తారే?"

"చూడక్కర్లేదమ్మా. గుండెల్లో తగిలితే చాలు."

రోజూ ఒక్కో వరస. వేళ్ల చివర్లు బొబ్బలెక్కి, చిట్లి, గట్టిపడ్డాయి. అన్ని అట్టలూ పూర్తవకుండా మగ్గానికి ఎక్కించకూడదన్నది ఇంటి పద్ధతి గనుక, వరసలన్నీ వచ్చేదాకా పాట క్యాసెట్ జోలికి పోలేదు. మధ్యలో కూనిరాగం తీసి చూస్తే, తను వాయించేది పాటకి అతకడం లేదు. నా చెయ్యే ఇంకా నిదానం, అందుకే అని సర్దుకుంది. నవమి ముందురోజు రాత్రికి కాగితం చూడకుండా మొత్తం వచ్చేసింది, ఇక క్యాసెట్‌తో కలిపి చూసే వేళ మిగల్లేదు. ఆ పూట అన్నం సయించలేదు, అంత సంబరం.

నవమి పొద్దున బ్రాడీపేట మేడగదిలో ఆఖరి రిహార్సలు. గిటారుకి మొదటిసారి స్పీకరు పెట్టె తగిలించారు. పీరు కర్రలు తాటించాడు. కోటేశ్వరి కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఒక్క వేలు తప్పలేదు. తాళం చెదరలేదు. కానీ పీరు ఎక్కడ కలవాలో తెలియక కర్రలు గాల్లో పట్టుకుని ఉండిపోయాడు. పాడే అబ్బాయి నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. ప్రేమ్‌చంద్ నొసలు ముడిపడింది. ఇదేం పాట? ఇలా అందరూ ముఖాలు చూసుకుంటుండగా ఆమె ఆఖరి వరసకి వచ్చింది. అప్పుడు మోగింది, ఊరంతా ఎరిగిన ఆ మొదటి బాణీ. వాయించడం అయిపోయిన చోట పాట మొదలైంది.

మేడగది నవ్వుతో అదిరిపోయింది.

"పెళ్లయ్యాక పెళ్లిచూపులకొచ్చినట్టుందమ్మాయ్!" అన్నాడు ప్రేమ్‌చంద్. "ఎక్కణ్ణుంచి మొదలెట్టావు నువ్వు?"

"కిందనుంచండీ."

"కిందనుంచా!"

"గళ్ల కాగితం కిందనుంచేగా చదివేది? బట్ట కిందనుంచే కదండీ పెరిగేది. మొదటి పోగు అట్టడుగున ఉంటది."

"పాట బట్ట కాదు తల్లీ! పైనుంచి కిందకి, ఉత్తరం చదివినట్టు చదవాలి."

నవ్వుల మధ్య కోటేశ్వరి ముఖం కందిపోయింది. ఆఖరి వరసలో ఆ బాణీ వచ్చినప్పుడు, పాట మళ్లీ మొదటికొచ్చి ముగుస్తుంది కాబోలనుకుంది తను. ఏడవబోతూ ఒక ఆలోచన తగిలి ఆగింది. తప్పు వేళ్లలో లేదు. ఒక్క వరసలోనూ లేదు.

"అట్టలన్నీ సరిగానే కొట్టానండీ. దండే తిరగేసి కుట్టా. విప్పి మళ్లీ కుట్టుకుంటే పాటే!"

ప్రేమ్‌చంద్ గడియారం చూశాడు. "భోజనాలవగానే వ్యాను కదులుద్ది. ఒంగోలు చేరేలోపు కుట్టుకుంటే కుట్టుకో. లేదంటే కోరస్సు. మాటంటే మాటే."

వ్యాన్లో ఆఖరి సీటు ఆమెకి వదిలేశారు. దవడని గిటారు చెక్కకి ఆనించుకుంటే ఎముకలోంచి చప్పుడు వినపడుతుంది. అలా వంగి కూర్చుని మొదలుపెట్టింది. వరసలు వచ్చినవే. వాటి మధ్య అతుకులే రావు. ఒక వరస కాగానే చెయ్యి అలవాటుకొద్దీ పైవరసకి ఎగబాకుతుంది. దాన్ని పట్టి కిందకి దించాలి. చిలకలూరిపేట దాటింది. రోడ్డు పక్క కల్లాల్లో ఎర్రగా ఎండుమిరప ఆరబోసి ఉంది. ఆ ఘాటుకి వ్యాను వ్యానంతా తుమ్మింది. ఆమె తుమ్ముతూనే మీటింది. పీరు ముందు సీటు వీపు మీద తాళం వేస్తూ, "అదీ! ఇప్పుడు దిగు, దిగు... ఎక్కుతున్నావే మళ్లీ!" అని అరుస్తున్నాడు. మార్టూరు దగ్గర ఒక అతుకు పడింది. మేదరమెట్ల దగ్గర ఇంకోటి. ఒంగోల్లో దిగేసరికి ఒక్క చోటు తప్ప అన్నీ పడ్డాయి.

పందిరి కిక్కిరిసి ఉంది. రాముడి పాటలు అయ్యీ అవకముందే జనంలోంచి చీటీలు రావడం మొదలైంది. కావలసిన పాట కాగితం ముక్క మీద రాసి స్టేజి పైకి పంపడం అక్కడ రివాజు. ఆ టీవీ పాటని ఆఖర్లో పెట్టుకుందామని ప్రేమ్‌చంద్ లెక్క. కానీ చీటీ విప్పితే అదే, ఇంకోటి విప్పితే అదే. ఈలలు. ఆయన మైకు మీద చెయ్యి మూసి వెనక్కి వంగాడు.

"ఏమ్మాయ్, కుట్టావా?"

"ఒక్క కుట్టు మిగిలిందండీ."

"అది స్టేజి మీద కుట్టుకో. వాళ్లు ఆగేట్టు లేరు."

కోటేశ్వరి ముందుకొచ్చింది. లావు తీగ మీటింది.

పందిరి పక్క ఆకాశమంత పెట్టెలు ఆ చప్పుడుని అందుకుని విసిరాయి. అరికాళ్లలోంచి వచ్చి రొమ్ములో తగిలింది. ముందు వరసలో పిల్లలు గంతేశారు. ఇంకే వాయిద్యమూ లేదు. ఆ కాసేపు అంత పందిరీ తన రెండు వేళ్ల మీద నిలబడి ఉంది. పీరు కలిశాడు, కీబోర్డు కలిసింది, పాడే అబ్బాయి అందుకున్నాడు. ఒక వరస, కింది వరస, ఇంకా కిందది. అంతలో ఆ మిగిలిన అతుకు రానే వచ్చింది. చెయ్యి పైకి జారిపోయింది.

అయిపోయాననుకుంది. కానీ పోగు తెగితే మగ్గం ఇల్లు గాభరాపడదు, తెగిన కొస అందేదాకా ఆగుతుంది. వేలెత్తేసి ఉత్త లావు తీగనే తాళం మీద కొడుతూ నుంచుంది. గుమ్, గుమ్, గుమ్. పీరు ఒక్క చూపులో గ్రహించి డ్రమ్ముల మీద పెద్ద దొర్లుడు దొర్లించాడు. జనం అదీ పాటలో భాగమే అనుకుని కేకలు పెట్టారు. ఆ కేకల్లో కోటేశ్వరి చెయ్యి కింది వరసని దొరకబుచ్చుకుంది. ఇక ఆగలేదు.

పాట ముగిసి ఈలలు మోగుతుంటే, ప్రేమ్‌చంద్ తర్వాతి చీటీ విప్పాడు. ఏదో పాత యుగళగీతం. దాని బేస్ ఏమిటో కోటేశ్వరికి బొత్తిగా తెలియదు. తన పాట అయిపోయింది గనుక గిటారు పట్టీ భుజం మీంచి తియ్యబోయింది.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"ఇది రాదండీ. కాగితం లేదు."

"నాకు మాత్రం ఉందా? నీ చోటు అదే, కదలమాక. తెలిసింది కొట్టు, తెలీనిది వెతుక్కో."

పట్టీ మళ్లీ భుజానికెక్కింది. పాట మొదలైంది. కోటేశ్వరి డ్రమ్ము తొక్కే పీరు కాలి వైపు చూస్తూ ఒక మెట్టు మీద వేలు పెట్టి మీటింది. కాదు. పక్కది మీటింది. అదీ కాదు. నవ్వొచ్చింది. ఇంకో మెట్టు కిందకి జరిగి, గట్టిగా కొట్టింది. పాట అడుగున అది వెళ్లి సరిగ్గా కూర్చుంది.