తిరగని బండి

మా ఆయన పెండ్లినాటి సంది మంది కార్లే తోలిండు. ఆఫీసు పిల్లలను హైటెక్ సిటీల దించుడు, ఓనర్‌తోని మాటలు పడుడు. సొంత బండి ఉంటే ఎవ్వని మాటా పడే పని లేదని ఎప్పుడూ అనేటోడు. డీజిల్ పోసి బతికే రోజులు పోయినయని సెకండ్ హ్యాండ్ల కరెంటు కారు చూసినం.

కొండాపూర్ల ఒక సారుది. అపార్ట్‌మెంట్ సెల్లార్ల దుమ్ము పట్టి ఉండె. మా ఆయన తన దోస్తు మెకానిక్‌ను తోల్కపోయిండు. ఆ మెకానిక్ అలవాటు కొద్దీ బానెట్ కాడ చెవి పెట్టిండు. ఏం వింటడు, ఇంజనే లేకపాయె! టైర్లు చూసిండ్రు, తలుపులు కొట్టి చూసిండ్రు. బండి ఎంత తిరిగిందో మీటర్ చూసినంక ఇద్దరి మొఖాలు వెలిగినయి. "ఇంటి నుంచే పని కదండీ, బయటికి తియ్యనే లేదు" అన్నడు సారు. అబద్ధం చెప్పలే. మా డ్రైవర్లకు తక్కువ తిరిగిన బండి కంటే ఇంకేం కావాలె? బండి కొన్న దినం మా ఆయన సంబురంతోని అన్నం గూడ సక్కగ తినలే.

ఎండాకాలం రాంగనే తెలిసింది. నిండ చార్జింగ్ పెట్టినా ఒక్క ట్రిప్పుకే ఖాళీ. సర్వీసోళ్లు చూసి, బండి ఏండ్లకేండ్లు కదలక నిలబడుడుతోనే బ్యాటరీ దెబ్బతిన్నదన్నరు. తిరగక పాడైందట! కొత్తది ఎయ్యాలంటే ఇంకో కారు కొన్నంత. నాకు కడుపు మండింది, ఎవరిని తిట్టాల్నో తెల్వలే. మా ఆయన తెల్లారి పోయి ఇడిచిపెట్టిన పాత ఓనర్ కాడనే మళ్ల కారు తాళాలు తీస్కున్నడు.

బండి అమ్ముదమంటే వినలే. నేను మాదాపూర్ల ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ చేస్త. ఆయన రాత్రి డ్యూటీ దిగొచ్చి, పొద్దుగాల ప్రగతి నగర్ నుంచి నన్ను దాంట్ల దించేటోడు. చార్జింగ్ ఎక్కువసేపు రావాలని ఏసీ ఏసేటోళ్లం కాదు. "ఓనరమ్మా, కూసో" అని ఎన్కసీటు తలుపు తీసేటోడు. చెమటలు కారుతున్నా నాకు నిజంగనే గర్వమనిపిస్తుండె.

మొన్న సగం తొవ్వలనే చార్జింగ్ గీత ఎర్రగైంది. ఆయన చూసిండు, నేనూ చూసిన. మెట్రో స్టేషన్ కాడ ఆపుమన్న.

"ఇంకా పోతది, కూసో" అన్నడు.

"నేనెట్లన్న పోత. నువ్వు ఇంటికి చేరాలె గద."

దిగి, తలుపు మెల్లగ ఏసిన. తెల్లారి ఆయన మా బండి తాళాలు పట్టుకోని రాలే, నేను అడుగకుండనే మెట్రోకు పోయిన.