పన్నెండో క్యాసెట్

2023 డిసెంబరు. హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర అప్పటికి తొమ్మిదేళ్లుగా నేను సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. మాది గోపన్‌పల్లి. అనుమానించడమే నా ఉద్యోగం. ఇంట్లో కూడా అదే బుద్ధి అంటాడు మా ఆయన. తను కూరగాయలు తెచ్చినా సంచి అడుగుదాకా చూస్తానట. చూస్తాను, తప్పేముంది?

మా పనంటే బ్యాగు తెరిపించి, ఓసారి తొంగిచూసి పంపేయడమే అనుకుంటారు చాలామంది. అసలు పనంతా కాగితం మీద ఉంటుంది. ఉద్యోగి సొంత వస్తువేదైనా లోపలికి తెస్తే ‘రిటర్నబుల్ గేట్ పాస్’ రాస్తాం. తెచ్చింది తెచ్చినట్టు సాయంత్రం బయటికి వెళ్లాలన్నమాట. తగ్గితే ఎక్కడో మర్చిపోయారనుకుని వెతుకుతాం. పెరిగితే మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. అక్కడ జరిగేది బ్యాంకుల డేటా మీద పని. వేలెడంత పెన్‌డ్రైవ్ బయటికి పోయినా కొంపలు మునుగుతాయి.

ఆ శుక్రవారం మూడో అంతస్తులో ‘పాత ఆటల రోజు’ పెట్టుకున్నారు. నలభై దగ్గరపడ్డ టీమ్ లీడ్లు చిన్నప్పుడు ఆడిన వీడియో గేములు అట్టపెట్టెల్లో మోసుకొచ్చారు. ఒకాయనైతే లావుపాటి మానిటర్‌తో సహా పాత కంప్యూటరే తెచ్చాడు. రోజూ నాతో ముక్కు చిట్లించి మాట్లాడే మనిషి, ఆ రోజు ఆగి మరీ అందులో ఏయే ఆటలున్నాయో చెప్పాడు. నాకెందుకయ్యా అనుకుంటూనే సీరియల్ నంబరు రాసుకున్నాను.

మధుసూదన్ అని ప్రొద్దుటూరాయన, నెమ్మదస్తుడు. టీవీకి తగిలించే గేమ్ డబ్బా, పదకొండు క్యాసెట్లు తెచ్చాడు. పాటల క్యాసెట్లు కావవి. అరచేయంత ప్లాస్టిక్ పెట్టె, లోపల చిప్పు ఉంటుంది. డబ్బా నెత్తిన గుచ్చితే టీవీలో ఆట వస్తుంది. నేనే లెక్కపెట్టి పాస్ రాశాను.

సాయంత్రం ఆరింటికి ఆయన సామానుతో గేటు దగ్గరికొస్తే మళ్లీ లెక్కపెట్టాను. పెట్టెలో పదకొండు. డబ్బాకి గుచ్చి ఉన్నది ఇంకొకటి.

“సార్, పొద్దుగాల పదకొండు రాసినం. గిప్పుడు పన్నెండున్నయ్.”

“పదకొండే తెచ్చినాను మేడమ్. ఈ పసుపుపచ్చది నాది కాదు. ఎవరిదో కలిసిపోయినట్టుంది.”

“ఎవరిది?”

ఆయనకు తెలియదు. నా పుస్తకం ప్రకారం ఆ రోజు క్యాసెట్లు తెచ్చింది ఆయనొక్కడే. ఇక నా బుర్ర ఊరుకుంటుందా? లోపల చిప్పు పట్టే చోట ఇంకేదైనా పట్టదా? ఆటల పేరు చెప్పి ఈ పెద్దమనిషి ఏం పట్టుకుపోతున్నాడు? పైగా నుదుటి మీద చెమట. డిసెంబరులో చెమటేంటి?

రిపోర్టు రాస్తాననేసరికి ఆయన ముఖం పాలిపోయింది. రిపోర్టు వెళ్తే లాప్‌టాప్ తీసుకుని, విచారణ అయ్యేదాకా ఇంటికి పంపుతారు. బ్యాంకు ప్రాజెక్టులో అలా వెళ్లినవాళ్లు తిరిగిరావడం నేను చూడలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

“టీవీకి పెట్టి చూడండి మేడమ్. ఆట వస్తే ఆటే కదా” అన్నాడు.

మూడో అంతస్తుకి వెళ్లాం. పసుపు క్యాసెట్ గుచ్చాడు. టీవీ నిండా బూడిదరంగు తప్ప ఏమీ లేదు. తీశాడు, కింద ఊదాడు, మళ్లీ గుచ్చాడు. అదే బూడిద. నా అనుమానం గట్టిపడింది.

“ఇది ఆట కాదు సార్. ఏందో చెప్పున్రి.”

వెనకాల మాప్ కర్ర గోడకి ఆనించిన చప్పుడైంది. హౌస్‌కీపింగ్ యాదగిరి. యాభై దాటినవాడు, హఫీజ్‌పేట్ నుంచి వస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి.

“మేడం, అది నాది” అన్నాడు.

నేను నమ్మలేదు. సారును కాపాడటానికి ఎవరో పంపారనే అనుకున్నాను. “ఎవరు నేర్పిన్రు నీకు ఈ మాట?”

“ఎవ్వరు నేర్పలే మేడం. పెండ్లి కాకముందు వీడియో గేమ్ షాపుల పనిజేసిన. షాపు బంద్ వెట్టిననాడు మా సేటు ఇచ్చిండు. మిషిన్ లేకపాయె, ఇన్నేండ్లు ఇంట్ల ఉట్టిగనే దాచిపెట్టిన. ఇయ్యాల ఈడ ఆటలని బోర్డు చూసిన. ఆటలు అయిపోయినంక అందరు తిననీకి పోయినప్పుడు జరసేపు ఆడిన. లిఫ్ట్ చప్పుడైతే భయమై అట్లనే ఇడిసిపెట్టిన.”

“గేటు దాటి ఎట్ల తెచ్చినవ్?”

“టిఫిన్ డబ్బాల. వచ్చేటప్పుడు మమ్ముల ఎవ్వరు చూడరు గద మేడం. పోయేటప్పుడే చూస్తరు.”

తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా వాళ్ల సంచులు పొద్దున తెరవలేదు. వాళ్లు ఏదైనా పట్టుకుపోతారనే కానీ, వాళ్లకంటూ తెచ్చుకునే వస్తువు ఉంటుందని ఎవరం అనుకోలేదు.

అయినా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. “నీదైతే నడిపించు” అన్నాను. చేతులు చొక్కాకి తుడుచుకుని వచ్చాడు. క్యాసెట్ పూర్తిగా నొక్కి, ఎడమవైపు వెంట్రుకవాసి పైకి లేపాడు. టీవీలో ఆటల పట్టిక వచ్చింది. చూడకుండానే వరస చెప్పాడు. ట్యాంకుల ఆట, బాతుల ఆట, బైకుల ఆట. మధుసూదన్ కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత రెండో జాయ్‌స్టిక్ అందుకున్నాడు. ఇద్దరూ కాసేపు ట్యాంకుల ఆట ఆడారు. ఆపమనడానికి నాకు మనసొప్పలేదు.

కిందికొచ్చాక మధుసూదన్ మెల్లిగా అన్నాడు. “నాదే అని రాసుకోండి మేడమ్. పొద్దున లెక్క తప్పిందనుకోండి. ఆయన్ను ఎందుకు ఇరికించడం?”

“అబద్ధం రాయను సార్” అన్నాను. లెక్క తప్పిందని రాస్తే మెమో నాకొస్తుంది, అదీ ఉంది. కానీ ఆ క్షణాన నిజాయితీ అనే అనుకున్నాను.

రిపోర్టు ఫారంలో ‘వస్తువు ఎలా బయటపడింది’ అని ఒక గడి ఉంటుంది. దాంట్లో ఏళ్ల తరబడి అందరం రాసేది ఒకటే మాట: ‘తనిఖీలో’. అలా రాస్తే గార్డులకు మంచి పేరు. చెయ్యి అలవాటుగా అదే రాసేసింది. యాదగిరి పేరు, అనుమతి లేని వస్తువు, తనిఖీలో. సంతకం పెట్టి పంపేశాను. క్యాసెట్‌ను కవర్లో పెట్టి గేటు దగ్గరే ఉంచుకున్నాం.

సోమవారం అతన్ని తీసేశారు. మధుసూదన్ ఉద్యోగానికి ఢోకా లేదు. హౌస్‌కీపింగ్ వాళ్ల సంచులు వచ్చేటప్పుడు కూడా తెరవాలని ఆర్డరొచ్చింది. మనసు ఆగక, యాదగిరిని పనికి పంపిన ఏజెన్సీ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి మేనేజరు విసుగ్గా అన్నాడు. “తనే వచ్చి ఒప్పుకున్నాడని రాస్తే వార్నింగ్‌తో పోయేదండి. దాచిపెట్టి పట్టుబడ్డవాణ్ణి ఎలా ఉంచుకుంటాం?” అదే రోజు సవరించి ఇంకో కాగితం పంపాను. ఫైలు మూసేశామన్నారు.

అబద్ధం రాయనని ఒకరి ముఖం మీద చెప్పి, పది నిమిషాల్లో అబద్ధం రాసినదాన్ని నేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు ఏ రిపోర్టైనా, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి, వాళ్లకు చదివి వినిపించాకే సంతకం పెడుతున్నాను. పాతవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

క్యాసెట్ తీసుకోవడానికి ఆ గురువారం యాదగిరి గేటుకొచ్చాడు. జీడిమెట్లలో పని అడుగుతున్నానన్నాడు. కవరు ఇచ్చాను. సంతకం పెట్టాడు. రెండడుగులు వేసి ఆగాడు. కోపంగా కూడా లేడు, తెలియక అడిగినట్టే అడిగాడు.

“పట్టుకున్నరని రాసిన్రంట. నేనే వచ్చి చెప్పిన గద మేడం?”