మేకుకు కట్టిన దువ్వెన

నిన్న కోయిలకుంట్లలో ఒక లాడ్జి గదిలో, అద్దం పక్కన మేకుకు దారంతో కట్టిన దువ్వెన కనిపించింది. మన ఇళ్లలోనూ అలాగే ఉండేది, గుర్తుందా? ఇంటిల్లిపాదికీ ఒకటే. పళ్ల సందుల్లో ఆముదం జిడ్డు.

ఐదో తరగతి వేసవిలో నా తల నిండా పొక్కులు లేచాయి. కొన్నిటికి చీము పట్టింది. అమ్మ రోజూ ఆముదం పట్టించి జడ బిగించేది. తగ్గలేదు.

"ఎండలో తిరిగితే వేడి చేయదా? శనివారం అహోబిలం పోయి గుండు కొట్టిస్తా" అంది.

నా జడ నడుము దాకా ఉండేది. రెండు రోజులు అన్నం తినలేదు.

శుక్రవారం మా వీధిలో ఉండే ఆస్పత్రి నర్సమ్మ వచ్చి నా తల చూసింది.

"గుండు ఏంటికక్కా? పుండ్ల మీద కత్తి పడితే ఇంకా ఎక్కువైతాది. నూనె ఆపు. జడ వదులుగా వెయ్. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టు, దినం మార్చి దినం తల కడుగు. గోకనీయద్దు. చీము తగ్గకుంటే ఆస్పత్రికి తీసుకురా."

తర్వాత ఆమె కళ్లు దువ్వెన మీద పడ్డాయి. "దీన్ని ఇంకెవరు వాడతాండారు?"

అమ్మ కొప్పు విప్పి ఆమె ముందు తల వంచింది.

"నాకూ శానా దినాల నుంచి ఉండాయి నర్సమ్మా. వేడి అనుకుంటాండా."

ఆ సాయంత్రమే దారం తెగింది, ఎవరి దువ్వెన వాళ్లకు వచ్చింది. నా జడ మిగిలింది. నా పొక్కులు వారంలో ఎండాయి. అమ్మవి నెల పట్టాయి. అన్నాళ్లూ ఆమె తలకు కాపడం పెట్టింది నేనే.