నీలం గుడ్డ కుట్టిన హెల్మెట్

వనపర్తిలో నాకు ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఉంది. పేరున్నవాళ్లు కారు రేసుల్లో వాడిన వస్తువులు సేకరించడం నా పిచ్చి. గ్లౌజులు, ఒక స్టీరింగు, మసిబారిన బూట్లు మా ముందుగదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటన్నిటిలో నాకిష్టమైనది ఒక తెల్లటి హెల్మెట్. ఒకప్పుడు మద్రాసులో రేసు కార్లు నడిపిన సినిమా హీరోది. ఆయన పోయాక ఇంటి సామాను అమ్మేస్తుంటే ఒక హైదరాబాదు వ్యాపారి ద్వారా నాకు చేరింది. వెనకవైపు పగులుంది. రేసులో తగిలిందన్నాడు వ్యాపారి.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు దాన్ని తలకు పెట్టుకునేవాణ్ణి. లోపల నా ఊపిరి నాకే వినిపించేది. ఊపిరి బిగబట్టినా ఆ చప్పుడు వెంటనే ఆగేది కాదు. చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది అనుకునేవాణ్ణి. మా ఆవిడకు మాత్రం అదంటే భయం.

"అది నా దిక్కే చూస్తున్నట్టుంటది. జర అవతల పెట్టరాదా?" అనేది.

పోయిన ఎండాకాలం రాజోలి నుంచి ఒక పెద్దావిడ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మా బీరువాను ఎవరో వీడియో తీస్తే ఫోనులో చూసిందట.

"నా పెనిమిటి ఆ హీరో కాడ మెకానిక్కు, నాయనా. రేసుకు ముందుగాల బండి ఎట్లున్నదో మా ఆయననే తిప్పి చూస్తుండె. ఒకనాడు గట్ల తిప్పుతుంటెనే బండి గోడకు కొట్టుకున్నది. పాణం పోయిన మనిషిని తెచ్చిచ్చిన్రు. నెత్తిమీది టోపీ మాకు రాలే."

"హీరో మళ్ల రేసుకే పోలేదంట" అన్నాడు తమ్ముడు.

"ఇది హీరో పెట్టుకున్నదమ్మా" అన్నాను.

"హీరోదే. బండి తిప్పి చూసేటప్పుడు మా ఆయన పెట్టుకుంటుండె. మా ఆయన తల చిన్నది. వదులైతుందంటే నేనే లోపల గుడ్డ కుట్టిన. నా నీలం చీర కొంగు."

బీరువా తెరిచి ఇచ్చాను. ఆమె ఒళ్లో పెట్టుకుని లోపలి మెత్తటి పొరను పక్కకు లాగింది. కింద, మడతలు పెట్టి కుట్టిన నీలం గుడ్డ. ఒక అంచు నల్లగా గట్టిపడింది. ఇన్నాళ్లూ నా చెంప ఆనింది అక్కడే.

ఆమె ఏడవలేదు. ఆ అంచును బొటనవేలితో నిమురుతూ కూర్చుంది. మంచినీళ్లు తెచ్చిన మా ఆవిడ ఆమె పక్కనే నేలమీద కూర్చుండిపోయింది.

"తీసుకుపోండమ్మా. ఇది మీదే."

"వద్దు నాయనా. దినాం చూసుకుంట బతకలేను. ఈడనే ఉండనీ. అడిగినోళ్లకు ఇంకో మనిషి గూడ పెట్టుకున్నడని చెప్పు."

గద్వాల బస్సు ఎక్కించి వచ్చాను. ఆ తర్వాత నేను దాన్ని తలకు పెట్టుకోలేదు.

హీరో హెల్మెట్‌తో ఫొటో దిగడానికి ఇప్పటికీ కొల్లాపూర్ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి వస్తుంటారు. ముందు మెకానిక్ సంగతి చెబుతాను. కొందరు చేతిలోకి తీసుకున్నది మెల్లగా కింద పెట్టేస్తారు. మొన్న బిజినేపల్లి నుంచి వచ్చినాయన తనూ మెకానిక్కేనన్నాడు. అంతా విని అడిగాడు:

"బ్రేకు పడలేదా సారూ? లేకుంటే స్టీరింగు పట్టేసిందా?"

"తెల్వదు. ఆమెకు గూడ ఎవ్వరు చెప్పలేదంట" అన్నాను.

అతను ఫొటో దిగలేదు. హెల్మెట్ వెనకున్న ఆ పగులును వేలితో తడిమి చూసి, వెళ్లిపోయాడు.