పెదనాయన వేసిన తీర్థం దారి

ఈ మధ్య మా ఇంట్లో చెప్పులు గోడవారగా విడిచే అలవాటు ఎవరికీ లేకుండా పోయింది. గడప దాటగానే ఒకటి తూర్పుకూ ఒకటి పడమటికీ మొహం పెట్టుకుని, అలిగిన తోడికోడళ్ళలా పడి ఉంటాయి. డెబ్బై దాటిన మనిషికి పొద్దున్నే పాలప్యాకెట్టు తెచ్చుకోవడంలో సాహసం అవసరమని నేను అనుకోను. మొన్న ఆదివారం ఆ గుట్టను దాటబోయి గోడ పట్టుకున్నప్పుడు తెలిసింది, అవి చెప్పులు కావు, అడుగున పళ్ళున్న బూట్లు. మనవడివీ, వాడి ఆఫీసు మిత్రులవీ. అందరూ కలిసి నల్లమలలో మల్లెల తీర్థం జలపాతానికి పోతారట. ముందుగదిలో కూర్చుని నా టీ చల్లారేలోగా ప్రయాణమంతా ఖాయం చేసేశారు. జీపు మాట్లాడారు, దారిలో హోటలు అనుకున్నారు, చీకటి పడేలోగా ఇల్లు అనుకున్నారు. మధ్యలో ఏ ఊళ్ళు వస్తాయని ఒక్కరూ అడగలేదు.

నా ఈడు వాళ్ళకు ఆ మాట వింటే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. యాభై ఏండ్ల కిందట, హైదరాబాదు కాలేజీ నుంచి దసరా సెలవులకు కొల్లాపూర్ వచ్చి, పెదనాయన కొడుకులిద్దరినీ వెంటేసుకుని అదే జలపాతం చూసి రావాలని నేను అనుకున్నప్పుడు, ప్రయాణం ఖాయం కావడానికే సెలవుల్లో సగం గడిచిపోయింది. భూగోళం చదువుకున్నవాణ్ణి కనుక ఒక కాగితం మీద కొండలూ వాగులూ గుర్తులు పెట్టి, మా ఊరి నుంచి తీర్థం దాకా చక్కగా ఒక గీత గీసి పెదనాయనకు చూపించాను. నాయన పోయిన తర్వాత ఇంట్లో ఆయన మాటే మాట. ఆయన ఆ కాగితాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"ఈ గీత మీద మనోళ్ళు ఎవరున్నరురా?" అన్నాడు.

ఎవరూ లేరన్నాను.

"మరి కూడెవడు పెడ్తడు?"

కాలేజీలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. మర్నాటికి ఆ కాగితంలో ఆయన పొగాకు చుట్టుకున్నాడు.

పెదనాయనకు దారి అంటే చుట్టాల వరస. పొద్దున సద్ది తినేది ఫలానా బామ్మర్ది ఇంట్లో, ఎండ దాటేది వియ్యంకుని అరుగు మీద, రాత్రి పడుకునేది చిన్నమ్మ కోడలి పుట్టింట్లో. మధ్యలో కొండ వస్తే అది కొండ తప్పు. ఎవరి ఊరి మీదుగా పోయి వాళ్ళింట్లో మెతుకు ముట్టకుండా పోతామో వాళ్ళతో ఆనాటి నుంచి మాటల్లేవు. కనుక ముందే అందరికీ కబుర్లు పంపాలి, కబురు అందినవాళ్ళు మళ్ళీ తిరుగు కబురు పంపాలి, ఒకరి ఇంట్లో ఒకపూట ఎక్కువై మరొకరి ఇంట్లో తక్కువ కాకుండా చూడాలి. అరుగు మీద సాయంత్రాలు ఇదే లెక్క. ఊళ్ళో పెద్దమనుషులు కూడా వచ్చి, తమకు తెలిసిన చుట్టాలను తలా ఒకరిని చేర్చి పోయేవారు. జలపాతం మాట మాత్రం అరుదుగా వచ్చేది.

ఈ దారిలో ఒక చిక్కు ఉంది. లింగాల అవతల, బండిబాట మీదనే ఉన్న ఒక చిన్న పల్లెలో మా మేనత్త ఇల్లు. ఆమె పెదనాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్ళ పెద్దపిల్ల పెళ్ళిలో, బంతిలో కూర్చున్న పెదనాయన విస్తరి దగ్గరికి వచ్చేసరికి నెయ్యిగిన్నె ఖాళీ అయింది. నెయ్యి తేవడానికి లోపలికి పోయిన మనిషి అక్కడ ఎవరో పలకరిస్తే నిలబడిపోయాడు. పెదనాయన విస్తరి ముందు నుంచి లేచి, ఈ ఇంట్లో మళ్ళీ నీళ్ళు ముడితే ఒట్టు అన్నాడు. మా మామయ్య కూడా మాటకు తక్కువ మనిషి కాదు, ముట్టకుంటే పాయె అన్నాడు. అంతే. ఆ పెళ్ళికూతురికి పిల్లలు పుట్టి నడుస్తున్నారు గాని, ఈ ఇంటికీ ఆ ఇంటికీ రాకపోకలు లేవు. మా నాయనమ్మ కన్నకూతురి మొహం చూసి ఏండ్లయింది. మగదిక్కు తోడు లేకుండా ఆమె ఎక్కడికీ పోయే రోజులు కావు. తీసుకుపోవలసిన మగదిక్కే ఒట్టు పెట్టుకుని కూర్చుంది. నాయనమ్మ పండుగకు ఏ పిండివంట చేసినా ఒక డబ్బాలో కొంత తీసి ఉట్టి మీద పెట్టేది, అది మెత్తబడి పాడయ్యేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

అందుకని పెదనాయన బండిబాట వదిలి, కొండ అంచున వాగు పట్టుకుని పోయే కాలిబాట ఖాయం చేశాడు. చుట్టూ తిరుగుడు, పైగా ముళ్ళకంప, కానీ అత్తమ్మ ఊరు తగలదు. అంతా కుదిరింది, జొన్నరొట్టెలు కూడా కాల్చారు. అప్పుడు నాయనమ్మ, వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండానే తనూ వస్తానన్నది.

"ఎట్ల నడుస్తవ్ అమ్మా? రాళ్ళు, ముళ్ళు" అన్నాడు పెదనాయన.

"నడువ. బండి కట్టియ్యి. ముసలిదాన్ని, తీర్థం ఇంకెన్నడు చూస్త?"

తీర్థానికి వస్తానన్న తల్లిని వద్దన్న కొడుకు ఆ రోజుల్లో కొల్లాపూర్‌లో తలెత్తుకు తిరగలేడు. గుడిసె కట్టిన కచ్చరం బండి కాలిబాట మీద పోలేదు. ఈ రెండు సంగతులూ నాయనమ్మకు మాకంటే ముందే తెలుసునని నాకు అప్పుడు తోచలేదు. పెదనాయనకు తోచిందేమో, ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

బయలుదేరాం. ఇరుపక్కలా కోతకొచ్చిన పల్లి చేలు, ఆముదాలు, ఊరికొక కూలిన బురుజు, బురుజు మీద మేకలు. చుట్టాల ఇండ్లలో మాత్రం ఒకటే మాట, ఇంత తక్కువ తింటే ఎట్లా అని. రెండో నాటి పొద్దెక్కేసరికి అత్తమ్మ ఊరి పొలిమేర కనిపించింది. పెదనాయన బండికి ముందూ వెనకా తెర వేయించి, ఊళ్ళో ఎడ్లను ఉరికించమని బండి తోలేవాడికి చెప్పాడు. వాడు ఉరికించాడు కూడా. కానీ అన్ని ఇండ్లకు కబుర్లు పంపిన మనిషి, ఆ కబుర్లు మోసినవాళ్ళు ఈ ఊరి మీదుగానే పోతారన్న సంగతి మరిచాడు. అత్తమ్మ వాకిట్లో కాదు, బాట నడుమ నిలబడి ఉంది, చేతిలో కాళ్ళకు నీళ్ళిచ్చే చెంబుతో. ఎడ్లు తమంత తామే ఆగాయి.

నాయనమ్మ తెర తీసింది. అత్తమ్మ చెయ్యి పట్టి దింపి చెంబు అందించింది. కాళ్ళు కడుక్కుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి లోపలికి పోతూ, ముసలామె వెనక్కి తిరగకుండా అన్నది.

"మీరు పోయి రాండి. తీర్థం ఏడికి పోదు, నేను గూడ ఏడికి పోను."

తల్లిని వదిలి పెదనాయన ముందుకు పోలేడు, ఇంట్లోకి పోనూ లేడు. బండిలోనే కూర్చున్నాడు. మామయ్య వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసి, వాన వస్తదేమో అని ఎవరితోనూ కానట్టు అని లోపలికి పోయాడు. అత్తమ్మ మాత్రం ఎడ్లను విప్పించి తొట్టి దగ్గరికి తోలుకుపోయింది.

"ఎడ్లకు ఒట్టు లేదు గద అన్నా?" అని ఒక్క మాట అడిగింది.

అచ్చంపేటకూ ఆ పైకీ కబుర్లు పోయాయి, వంటలు అవుతుంటాయి, ఎవరూ పోకపోతే ఇంకో నాలుగిండ్లతో పగ. అందుకని మా ముగ్గురినీ మా ఇంటి తరఫున తిని రమ్మని పెదనాయన బండిలో నుంచే పంపించాడు. అలా నేను మల్లెల తీర్థం చూశాను. అచ్చంపేట దాటి, ఘాటు రోడ్డు ఎక్కి, వెదురు పొదల్లో పడి నడిచి, ఒక చెంచు పెంటలో గుడిసెల వాళ్ళు ఇచ్చిన తేనె నాకుతూ పోయాం. కొండ ఎక్కి చూస్తామనుకున్న నీళ్ళకు లోయలోకి దిగవలసి వచ్చింది. ముందు చప్పుడు, తర్వాత చల్లదనం, ఆ తర్వాత ఎప్పుడో చెట్ల సందున తెల్లగా నీళ్ళు. కింద నిలబడితే మాట వినబడదు. నా తమ్ముళ్ళిద్దరూ నోరు తెరిచి ఏదో అంటున్నారు, నేనూ అన్నాను, ముగ్గురం నవ్వుకున్నాం. ఏమనుకున్నామో ఇప్పటికీ తెలియదు. ఒకరి మాట ఒకరికి వినబడకుండా అంత సంతోషంగా నేను మరెన్నడూ మాట్లాడలేదు.

తిరిగి వచ్చేసరికి బండి ఖాళీగా ఉంది. పెదనాయన అత్తమ్మ వసారాలో పీట మీద కూర్చుని, ముందు విస్తరి, పక్కన మామయ్య, నెయ్యి ఇక చాలు అని చెయ్యి అడ్డం పెడుతున్నాడు. ఎట్లా దిగాడని బండి తోలేవాణ్ణి అడిగాం. మేము పోయిన సాయంత్రమే వాన దంచిందట. ఎడ్లు ఎట్లున్నయో చూసొస్తనని దిగాడట. కొట్టం ఇంటి లోపల ఉంది. అత్తమ్మ చిలికిన సల్ల చెంబెడు తెచ్చి ఎదుట పెట్టిందట. పెదనాయన చెంబులోకి తొంగి చూసి, ఒట్టు నీళ్ళ మీదనే గాని సల్ల మీద పెట్టలేదు అన్నాడట. ఆ తర్వాత ఆయన ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయినా, మామయ్య కాలం చేసినప్పుడు కూడా, సల్ల తప్ప నీళ్ళు ముట్టలేదు. అత్తమ్మా ఎన్నడూ నీళ్ళు ఇవ్వలేదు. నాయనమ్మ మాత్రం కొల్లాపూర్‌లో అడిగినవాళ్ళందరికీ తీర్థం మంచిగయిందని చెప్పింది.

ఇప్పుడు తారురోడ్డు పడింది. జీపులో పోయేవాడికి ఆ పల్లె, ఒక మలుపూ రెండు టీకొట్లూ. దారిలో ఎవరి ఇంట్లోనూ తినే పని లేదు కనుక ఎవరితోనూ పగ లేదు. అందరితోనూ సఖ్యంగానే ఉన్నాం. ఎవరి ఒట్టూ ఎవరి దారినీ మళ్ళించనంత సఖ్యం. మనవడికి ఇదంతా చెబుదామనుకున్నాను గాని, వాడు అప్పటికే బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు.

పోయిన వానాకాలం అచ్చంపేటలో ఒక పెళ్ళికి పోయి వస్తూ, కొడుకును బతిమాలి కారు ఆపించి అత్తమ్మను చూశాను. తొంభై దగ్గరపడ్డది, కళ్ళు ఆనవు, గొంతును బట్టి గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది. కాళ్ళకు నీళ్ళియ్యమని, పొయ్యి ముట్టియ్యమని కోడలిని కేకేసింది. పెళ్ళిభోజనం ఇంకా అరగలేదనీ, డాక్టరు కాచిన నీళ్ళే తాగమన్నాడు కనుక సీసా వెంటే ఉందనీ, చీకటి పడేలోగా ఇల్లు చేరాలనీ చెప్పాను. అన్నీ నిజాలే. ఆమె అంతా విని, నా చెయ్యి వదిలేసింది.

"తినొచ్చినవ్, తాగొచ్చినవ్. మరి ఎందుకొచ్చినవ్ అల్లుడా?"