చెవుడు పెదనాయనది కాదు

పెదనాయన పోయాడని ఆళ్ళగడ్డ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను నంద్యాలలో నా మైక్‌సెట్ల అంగడి షట్టర్ ఎత్తుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకు, మా అన్న. నిద్రలోనే పోయాడట. "కాఫీ తీస్కపోయి పిలిచిందిరా మీ వదిన. పలకలేదు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా పిలిచింది" అన్నాడు. తండ్రి పోయిన వార్త చెప్తూ కూడా ఆ ఒక్క మాట వదల్లేదు. వినపడలేదేమో. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది. నెమ్మదైన మాటలు కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీలో ఆయన ఫోటో కింద 'మృదుస్వభావి' అని వేయించారు. ఎవరికి మృదువు? పప్పులో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినపడేలా చెప్పేవాడు. రుద్రవరం దగ్గర చేను చూడడానికి పోయినా ఇస్త్రీ పంచెతోనే పోయేవాడు, బురద అంటితే బురదను తిట్టేవాడు. మా నాయన పోయినప్పుడు అందరూ నా భుజం తట్టి వెళ్ళిపోతే, ఆయన మాత్రం "ఏడిస్తే ఏడువు, అన్నం మానేస్తే మాత్రం తంతా" అని పక్కన కూర్చుని తినిపించాడు. నాకు తెలిసిన పెదనాయన ఆయన. ఫ్లెక్సీలో ఉన్నాయన ఎవరో నాకు తెలియదు.

ఆయనకు ఒక వాల్వు రేడియో ఉండేది. టేకు చెక్క పెట్టె. కింద రేడియో, పైన మూత ఎత్తితే రికార్డు తిరిగే బల్ల. రికార్డును మా ఇళ్ళలో ప్లేటు అనేవాళ్ళు. మూత ఎత్తే హక్కు ఆయనకొక్కడికే. స్విచ్ వేశాక వాల్వులు ఎర్రబడేదాకా ఆగాలి. మేము తొందరపడితే "వేడెక్కనీండప్పా. మీరు మాత్రం నిద్ర లేస్తానే పాట పాడతారా" అనేవాడు. పెద్దమ్మ పాత పట్టుచీర ముక్కతో ప్లేటు తుడిచి, అందరినీ కూర్చోబెట్టిన తర్వాతే సూది దించేవాడు. "నిలబడి వినేది బస్టాండులో" అనేవాడు. అహోబిలం స్వామి పార్వేట పల్లకి ఊరూరూ తిరుగుతూ మా ఊళ్ళోకి వచ్చిన రోజు పెట్టెను వాకిలి దాకా జరిపి నాదస్వరం ప్లేటు వేసేవాడు. పల్లకి వెంట వచ్చిన మేళగాళ్ళు నవ్వుకునేవాళ్ళు, ఆయన లెక్కచేసేవాడు కాదు.

పోయిన దసరా తర్వాత ఆ పెట్టెలో ప్లేటు మూగబోయింది. రేడియో బాగానే పలికేది. మీట ప్లేటు వైపు తిప్పితే బల్ల తిరిగేది, సూది గాడిలో నడిచేది, స్పీకర్లో మాత్రం ఏమీ రాదు. పెదనాయన అన్నను పిలిచి చూడమన్నాడు. అన్న వంగి ప్లేటు దగ్గర చెవి పెట్టాడు. సూది గాడిలో రాసుకుంటూ తనంతట తానే దోమంత శబ్దం చేస్తుంది. దగ్గరికి వంగినవాడికే వినిపిస్తుంది.

"వస్తాంది కదా నాయనా. సన్నగా వస్తాంది" అన్నాడు అన్న.

"నాకు వినపడ్లేదురా."

అయిపోయింది. ఆ మాటతో ఆ ఇంట్లో ఆయన చెవిటివాడైపోయాడు. అన్న సౌండు మీటను చివరిదాకా తిప్పి "ఇప్పుడు?" అని అరిచాడు. లేదన్నాడు పెదనాయన. మరి రేడియో ఎట్లా వినపడుతోందని ఒక్కరన్నా అడగాలా వద్దా? ఆయనే అడిగాడు. "రేడియో వినేదీ ఈ చెవులే, ప్లేటు వినేదీ ఈ చెవులే. ఒకటి వినపడి ఒకటి వినపడకుంటే చెడింది యాడ?" ఇంతకంటే సూటిగా ఎవరు చెప్తారు? చెప్పింది ముసలాయన కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేకపోయింది. నంద్యాల తీసుకొచ్చి చెవుల డాక్టరుకు చూపించారు. వయసుకు తగినట్టే ఉన్నాయి, పరవాలేదన్నాడు డాక్టరు. అన్నకు అందులో 'వయసు' ఒక్కటే వినిపించింది. చెవిలో పెట్టుకునే మిషన్ కొనుక్కొచ్చాడు. పెదనాయన దాన్ని పెట్టుకుంటే గోడ మీద బల్లి మాట్లాడినా తల పగిలిపోయేదట. తీసి అలమరలో పడేశాడు. మొండి మనిషి అన్నారు.

ఆ తర్వాత ఇంట్లో అందరూ ఆయనతో అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు. అన్నం తింటావా అని అరుపు. మందేసుకున్నావా అని అరుపు. ఆయన పక్కన కూర్చుని ఆయన గురించి మాత్రం మామూలు గొంతుతో మాట్లాడుకునేవాళ్ళు. ఆయనకు వినపడదు కదా.

చివరికి ఆయనే నాకు ఫోన్ చేశాడు. చెవిటివాడు ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడతాడా? ఆ ఇంట్లో ఎవరికీ ఈ ఆలోచన రాలేదు.

"రేయ్, నీకు మైకుల పని తెలుసు గదా. బేగా వచ్చి చూడు. చెడింది పెట్టెనా, నేనా, తేల్చి చెప్పు."

"నువ్వేం చెడలేదులే పెదనాయనా."

"నా మంచం వెనక మోటారు గదిలో వేస్తాండారురా. మోటారు సద్దు ఈయనకెట్లాగూ వినపడదు అని మీ వదిన అంటాంది. నా ముందరే, అన్నం వడ్డిస్తా అంటాంది."

"మరి వినపడిందని చెప్పకపోయినావా?"

"చెప్పినా. పొరపాటున ఒకమాట విన్యాడులే అనుకున్యారు. ఇంకొంచెం మెల్లగా మాట్లాడుకుంటాండారు. అది కూడా వినపడుతాంది."

మరుసటి రోజే బస్సెక్కాను. ఆళ్ళగడ్డ దాకా ఆ మోటారే నా తలలో తిరిగింది. పోయేసరికి వెనక గది ఊడ్చి పెట్టి ఉంది. నేను ఎవరినీ పలకరించకుండా పెట్టె వెనక అట్ట విప్పాను. అన్న గడపలో నిలబడ్డాడు. పెదనాయన, గదికి ఆ చివర మంచం మీద, కావాలనే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

రేడియో పలుకుతోంది కాబట్టి వాల్వులూ స్పీకరూ బాగున్నట్టే. ఇక చూడాల్సింది సూది నుంచి పెట్టె దాకా వచ్చే దారి. మీట ప్లేటు వైపు తిప్పి, సూది చేతి నుంచి వచ్చే వైరు పెట్టెలో కలిసే చోట వేలు పెట్టాను. స్పీకరు బుర్రుమంది. అంటే అక్కడినుంచి లోపలంతా సరిగ్గానే ఉంది.

"ఏమన్నా వినపడిందా పెదనాయనా?" అన్నాను, గొంతు పెంచకుండా.

"ఎనుము అరిసినట్లుంది" అన్నాడు గోడతో.

నేను అన్న వైపు చూశాను. "అది గట్టిగా వచ్చింది లేరా" అన్నాడు అన్న. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ విసిరికొట్టకుండా ఎట్లా ఆగానో నాకు తెలియదు.

వైరు అవతలి చివర, సూది తలకు తగిలే చోట ముట్టుకున్నాను. అక్కడా బుర్రుమంది. వైరూ బాగుంది. ఇక మిగిలింది సూది తల ఒక్కటే. అందులో ఒక రకం ఉప్పు పలుకు ఉంటుంది. సూది కదిలితే అది సన్నటి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే పాట. దానికి తడి తగలకూడదు. విప్పి చూస్తే లోపల పలుకు లేదు, పచ్చటి ముద్ద ఉంది. వాసన చూశాను. పసుపు.

"పెదనాయనా, దసరాకు దీనికేం చేసినావ్?"

ఇటు తిరిగాడు. "ఆయుధపూజ చేసినా. ట్రాక్టరుకు, పారలకు, దీనికి."

పెద్దమ్మ ఉన్నన్నాళ్ళు ఆ పూజ ఆమే చేసేది, పెట్టె మూతకు ఒక బొట్టు పెట్టి ఊరుకునేది. ఆమె లేని మొదటి దసరాకు ఈయన తనే చేశాడు. సూది తలకు పసుపునీళ్ళు చల్లి, తడి కంకణం కట్టి రాత్రంతా ఉంచాడు. "పాడేది అదే కదప్పా. మూతకు బొట్టు పెడితే దానికేం మర్యాద?" అన్నాడు. ఏమనాలి ఆ మనిషిని? ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే వద్దని చెప్పేవాణ్ణి. ఆ కోపం కూడా ఉంది నాకు, ఆయన మీద.

ఆయన మంచం దిగి వచ్చి ఆ పచ్చటి ముద్దను వేలితో తాకి చూశాడు. తర్వాత "మీ అన్నకు చెప్పు, చెడగొట్టింది నేనేనని. చెవులు చెడలేదని కూడా దాంతోపాటే చెప్పు" అన్నాడు. అన్న రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

నా అంగడిలో పాడైన ప్లేయరుది ఒక సూది తల ఉంది. ఆ వారంలోనే దాన్ని తీసుకుపోయి బిగించాను. పెదనాయన అందరినీ కూర్చోబెట్టాడు. చీర ముక్కతో ప్లేటు తుడిచాడు, సూది దించాడు. సౌండు మీట అన్న తిప్పిన చోటే, చివరన ఉందని ఎవరికీ గుర్తులేదు. నాదస్వరం ఒక్కసారిగా ఇల్లంతా అదిరేలా లేచింది. వదిన రెండు చెవులూ మూసుకుంది. ఎదురింటివాళ్ళు వాకిట్లోకి వచ్చారు.

పెదనాయన కొడుకు వైపు చూసి "కొంచెం తగ్గించప్పా. చెవులు పోతాండాయి" అన్నాడు.

అన్న లేచి తగ్గించాడు. మంచం వెనక గదికి పోలేదు. ఆ ఒక్కటి గెలిచాడు మా పెదనాయన. అరుపులు మాత్రం ఆగలేదు. తప్పని తెలిశాక కూడా అరిచారు, అలవాటైపోయిందన్నారు. అలవాటట. మనిషిని మనిషిగా లెక్కపెట్టకపోవడం కూడా అలవాటైపోతుందా? ఈ మాట నేను వాళ్ళ ముఖం మీదే అడిగాను. "వాడూ వాళ్ళ పెదనాయన మాదిరే" అని వదిన పక్కకు తిరిగింది. అంతకంటే మంచి మాట ఆమె నన్నెప్పుడూ అనలేదు.

మొన్న పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. శ్మశానానికి కొంచెం ముందు దింపుడు కళ్ళం దగ్గర పాడె దించాం. ప్రాణం ఏ మూలన్నా మిగిలి ఉందేమోనని, కొడుకు చెవిలో మూడుసార్లు పిలవాలి. అన్న చేతిలోని నిప్పుకుండ పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంగి "నాయనా" అని అరిచాడు. ఇన్నాళ్ళూ అన్నం తింటావా అని అరిచినట్టే అరిచాడు. డప్పులు కొట్టేవాళ్ళు కూడా ఆగి చూశారు.

నేను వంగి అన్న భుజం పట్టుకున్నాను. "మెల్లగా పిలువన్నా. ఆయనకు వినపడుతుంది."

అన్న నా వైపు చూడలేదు. రెండోసారి పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. మూడోసారి తండ్రి చెవికి నోరు ఆనించి పిలిచాడు. ఆ పిలుపు సన్నగా, పక్కన వంగి ఉన్న నాకు మాత్రమే వినపడేంత వచ్చింది.